చివరి గంట ఓటర్లు

పోలింగు కేంద్రం బాధ్యత తన నెత్తిన పడిందని తెలిసిన రోజే లెక్కల టీచరు గట్టిగా అనుకుంది. మహమ్మారి ఊరిని ఎంత వణికిస్తున్నా సరే, తన గదిలో ఓటేసినవాళ్లెవరూ జబ్బు అంటించుకుని ఇంటికెళ్లకూడదు. జబ్బుపడ్డవాళ్లెవరూ ఓటు పోగొట్టుకోకూడదు.

పొద్దున్నే తరగతి గది కిటికీలు బార్లా తెరిపించింది. వరసను వరండాలోంచి మైదానంలోకి మార్చి, సున్నంతో దూరదూరంగా గుండ్రాలు గీయించింది. ఎండకు జనం సణిగారు.

"ఓటుకొచ్చామా, తొక్కుడుబిళ్లకొచ్చామా?" అన్నాడొకాయన.

"రెండూ అనుకోండి. గీత మాత్రం దాటకండి" అందామె.

సాయంత్రం దాకా అంతా సాఫీగా నడిచింది. చివరి గంట జబ్బుతో ఉన్నవాళ్లకని ముందే ప్రకటించారు. తీరా వాళ్ల వ్యాను వచ్చేసరికి వీధి వీధంతా గేటుకు అడ్డం నిలబడింది. అందరికంటే ముందున్నది వడ్రంగి మేస్త్రి. టీచరుకు సొంత మేనమామ. తల్లి పోయాక ఆమెను పెంచింది ఆయనే.

ఆమె బయటికొచ్చి కాస్త ఎడంగా ఆగింది.

"వ్యాన్ని రానివ్వు మావయ్యా."

"బడి తెరిస్తే నా మనవలు నడిచేది ఈ దారినే. మీ అత్తయ్యను ఈ జబ్బే తీసుకుపోయింది. కడసారి చూపు కూడా దక్కలేదు నాకు. తెలిసి తెలిసి దాన్ని మళ్లీ వీధిలోకి రానిస్తానా?"

టీచరుకు మనసు కలుక్కుమంది. అత్తయ్య ఒళ్లో పెరిగిన పిల్ల ఆమె.

"నీ భయం తప్పనను. కానీ వాళ్లకీ ఓటుంది కదా."

"పెంచినవాణ్ణి. నా మాట కాదంటావా?"

"ఇంట్లో అయితే కాదనను మావయ్యా. ఇక్కడ కుదరదు."

గేటు దగ్గరి పోలీసు లాఠీ సవరించుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. తోపులాట మొదలైతే జబ్బు అంటుకునేది అక్కడే. అప్పుడు గుర్తొచ్చింది, గదికి వెనకవైపు ఇంకో తలుపుందని. దాని అవతల ఇళ్లు లేని ఖాళీ స్థలం. వ్యాన్ని అటు తిప్పమని డ్రైవరుకు చెప్పి లోపలికి నడిచింది.

తలుపుకు అడ్డంగా విరిగిన బెంచీలు పేర్చి ఉన్నాయి.

"అది తీసి ఏళ్లయింది మేడం. మనవల్ల కాదు" అన్నాడు గుమాస్తా.

"కాదో అవునో చూద్దాం. అటు కొస పట్టుకోండి."

బెంచీలు జరిగాయి గానీ, గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆమె రాయి తీసుకుని దబదబా బాదింది. అరచేయి గీరుకుపోయింది. అయినా ఆపలేదు. ఆ చప్పుడు వింటూ ఊరుకోలేకపోయాడేమో, కాసేపటికి మావయ్య పనిముట్ల సంచితో కిటికీ దగ్గర తేలాడు.

"పక్కకు జరగవే. తలుపును చంపేసేలా ఉన్నావు."

ఆమె దూరం జరిగింది. ఆయన లోపలికొచ్చి నూనె పోసి, ఉలి పెట్టి రెండు దెబ్బలు వేశాడు. గడియ ఊడింది.

"వాళ్లు ఇటే వచ్చి ఇటే పోవాలి" అన్నాడు ఆమె వైపు చూడకుండా.

"అలాగే. గది కూడా దగ్గరుండి కడిగిస్తాను."

ఆయన గేటు దగ్గరికెళ్లి జనానికి సంగతి చెప్పి ఇళ్లకు పంపేశాడు.

టీచరూ సిబ్బందీ పీపీఈ కిట్లు తొడుక్కున్నారు. సమయం మించిపోతున్నా, వరసలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఆమె గడువు దాటాక కూడా ఓటేయనిచ్చే చీటీ ఇచ్చింది. ఇక ఎవరినీ వెనక్కి పంపే పని లేదు. ఒకావిడ దగ్గుతో మాటిమాటికీ ఆగిపోతూ, "నావల్ల ఆలస్యమవుతోందా అమ్మా?" అని అడిగింది.

"ఇది మీ వంతు. నిదానంగా వెయ్యండి" అంది టీచరు.

వచ్చినవాళ్లంతా ఓటేశారు. గది కడిగించాకే ఆమె కదిలింది.

ముందు జాగ్రత్తగా టీచరు ఇంట్లో మేడ మీద గదిలో విడిగా ఉంది. మర్నాడు మావయ్య వీధిలో నిలబడి తల పైకెత్తాడు.

"ఒళ్లు వెచ్చబడిందా?"

"లేదు మావయ్యా."

"అరచేతికి మందు రాశావా?"

"రాశాను."

"రేపొచ్చి మళ్లీ అడుగుతా" అని ఆయన పనికి వెళ్లిపోయాడు.