ఎనకాల బొమ్మ

మా ఊళ్లో నా గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే "ఎనకా ముందూ ఎవులూ నేని మనిసి" అంటారు. జాలిగానే అంటారు, కాకపోతే నా ముందే అంటారు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారని, నా మీద ఎవరి కన్నూ పడకూడదని మా మేనత్త ధనమ్మ నాకు బైరాగి అని పేరు పెట్టింది. కన్ను పడలేదు సరే, సంబంధాలూ పడలేదు. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే చనిపోయారు. మొగుడు పోయి పుట్టింటికి వచ్చేసిన అత్త నన్ను పెంచింది. అక్కుపల్లి దాటాక సముద్రం వైపు మాకు ఒక కొబ్బరితోట, అందులో రెండు గదుల ఇల్లు. ఉండేది మేమిద్దరమే.

నేను టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. పొద్దున్నే బండి మీద పలాస వెళ్లి, అక్కడ బస్సెక్కి హైవే మీద టెక్కలి. ల్యాబ్‌లో మిషన్లన్నీ ముసలివి. కొత్త సిస్టమ్ వేస్తే ఆయాసపడి ఆగిపోతాయి. అందుకని లైనక్స్ తెగలో ఒక చిన్న సిస్టమ్ వేశాను. అది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి మనుషులో తీరిక వేళల్లో కలిసి రాసి, ఊరికే పంచిపెడతారు. ప్రోగ్రాములు రాయడం నాకు అంతగా రాదు. కానీ ఏటా కొత్త వెర్షన్ వచ్చే ముందు, డెస్క్‌టాప్ మీద వేసే వాల్‌పేపర్ల కోసం ఎవరైనా బొమ్మలు పంపొచ్చు అంటారు. నేను అలా ఆ గుంపులో చేరాను. బొమ్మలు పంపేవాళ్లు, చూసేవాళ్లు, ఓట్లు వేసేవాళ్లు, వంకలు పెట్టేవాళ్లు అందరూ ఒకే చోట మాట్లాడుకుంటారు. పొద్దున్నే అక్కడికి వెళితే ఎవరో ఒకరు "హలో బైరాగి" అంటారు. అత్త కాక నన్ను పేరు పెట్టి పిలిచి పలకరించేది వాళ్లే. అందుకే నాది ఒక్క బొమ్మయినా తీసుకుంటే బాగుండునని చాలా ఆశపడేవాణ్ణి. ఆశేమిటి, దేబిరించేవాణ్ణి.

వాల్‌పేపర్ అంటే అందమైన ఫోటో అనుకునేవాణ్ణి మొదట్లో. జీడిపూత ఫోటో పంపితే, ఆకుల గజిబిజిలో ఐకాన్లు కనిపించడం లేదన్నారు. సముద్రం మీద సూర్యోదయం పంపితే, అలాంటివి కుప్పలుగా వచ్చాయన్నారు. దెబ్బలు తినగా తినగా తెలిసింది ఏమిటంటే, ఎడమ పక్క ఖాళీగా ఉండాలి, రంగులు అరవకూడదు, కన్ను ఒక చోట ఆగి మళ్లీ పనిలోకి వెళ్లిపోవాలి. అన్నిటికంటే మంచి వాల్‌పేపర్ ఏదంటే, అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయేది. ఇంట్లో మనిషి లాగ.

ఇంట్లో నాకు కాలేజీ వాళ్లు పారేయబోతే తెచ్చుకున్న పాత మానిటర్ ఒకటుంది. దాని ముందు కూర్చుని రంగులు సరిచూసుకుంటుంటే ఒకనాడు అత్త వచ్చి నిలబడింది.

"ఏట్రా అది? ఆ పెట్టి ముందు కూకుంటే లెగవ్వేటి?"

"వాల్‌పేపరత్తా. కంప్యూటర్‌కి ఎనకాల ఏసే బొమ్మ."

అత్త గబగబా బల్ల చుట్టూ తిరిగి మానిటర్ వెనక్కి వెళ్లింది. వంగి, అటూ ఇటూ చూసి, కొంగుతో ఏదో దులిపింది.

"ఎనకాలేటీ నేదురా. బూజుంది."

నేను కుర్చీలోంచి పడేంత నవ్వాను. ఆవిడకి కోపం వచ్చింది. ముందుకు తీసుకొచ్చి, ఐకాన్లు ఇవి, వాటికి వెనకాల ఉన్న బొమ్మ ఇది అని చూపించాను. "ముందలే ఉంది గదరా, మరి ఎనకాలంటావేటి" అని ఇంకో తిట్టు తిట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ పనికి పేరు ఎనకాల బొమ్మ. "ఎనకాల బొమ్మ అయిపోతే అన్నానికి రా" అనేది.

తిత్లీ తుఫాను ముందు మా తోటలోంచి సముద్రం కనిపించేది కాదు, వినిపించేది. తుఫాను సగం చెట్లని పడగొట్టాక తూర్పు పక్కంతా తెరుచుకుపోయింది. పడిపోయిన చెట్ల ఖాళీల్లో అత్త ఏటా కొన్ని మొక్కలు పెట్టేది. కొన్ని చచ్చేవి, మళ్లీ పెట్టేది. బోరు నీళ్లు బిందెతో మోసి పోసేది. పైపు కొంటానంటే, పైపుకి మొక్కని పలకరించడం తెలుస్తుందా అనేది. మాఘమాసంలో ఒక పొద్దున, ఎండ ఏటవాలుగా పడి ఇసుకంతా బంగారు రంగులో ఉన్నప్పుడు, అత్త ఒక మొక్కకి నీళ్లు పోసి, ఎర్ర ప్లాస్టిక్ బిందె పక్కన పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. నా వైపు వీపు. అవతల సముద్రం. ఎడమ పక్కంతా ఖాళీ ఇసుక. ఫోటో తీస్తున్నప్పుడే తెలిసింది, ఇది తీసుకుంటారని.

ఒకటే అడ్డు. వాల్‌పేపర్‌లో మనుషులు ఉండకూడదని రూలు. మనిషి కనిపిస్తే చూపంతా అటే పోతుందట. కూర్చుని అత్తని తీసేశాను. క్లోన్ అని ఒక పనిముట్టు ఉంటుంది. పక్కనున్న ఇసుకని, సముద్రాన్ని కొంచెం కొంచెం తెచ్చి మనిషి మీద కప్పుకుంటూ పోవాలి. మనిషి పోయింది కానీ ఇసుక మీద నీడ మొక్క నీడతో కలిసిపోయి ఉంది. దాన్ని విడదీయడం కష్టం, ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

సాయంత్రం అత్తకి చూపించాను.

"మరి నానేదిరా?"

"తీసీసినానత్తా. మనుసులుండకూడదంట. పనిసేసుకునేవోలకి అడ్డంట."

"ఓలమ్మా! నానెవులికి అడ్డొచ్చినాన్రా?" అని పడీ పడీ నవ్వింది. "మరి బిందో?"

"బిందుండొచ్చు."

"మనిసి కన్నా బిందె మేలన్నమాట." తర్వాత తెర దగ్గరికి మొహం పెట్టి చూసింది. వేలు ఇసుక మీద ఆనించింది. "ఇదిగో, నా నీడుంది గదా. సాల్లే. నీడ ఒగ్గీ."

నీడ ఉండనిస్తాను, సరేనన్నాను. ఆ బొమ్మనే పంపాను.

ఎండలు ముదిరేసరికి అత్తకి కాళ్లు వాచాయి. ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో కాళ్లు వాచాయంటే ఎందుకని ఎవరూ అడగరు, ఎప్పటి నుంచని అడుగుతారు. పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించి తీసుకొచ్చేవాణ్ణి. బండి మీద వెనకాల కూర్చుని నా చొక్కా పట్టుకునేది. ఆస్పత్రి మంచం మీద పడుకున్నా ఆవిడకి తోట బెంగ, తర్వాత బొమ్మ బెంగ.

"నీ ఎనకాల బొమ్మ తీసుకున్నారేటి?"

"ఇంకా నేదత్తా. సూత్తన్నారు."

"సూడనీ. బేగి సెప్పమను."

వాళ్లు బేగి చెప్పలేదు. ఆషాఢం వానల్లో అత్త పోయింది. ఊరంతా వచ్చింది, ఊరంతా వెళ్లింది. తోటలో నేనొక్కణ్ణే మిగిలాను. అంతకు ముందు నేను ఒంటరివాణ్ణని ఊరు అంటే, ఊరికే అంటున్నారని అనుకునేవాణ్ణి. పొద్దున్నే పొయ్యి మీద గిన్నె చప్పుడు లేకుండా మెలకువ వచ్చినప్పుడు తెలిసింది ఆ మాటకి అర్థం.

దినాలయ్యాక గుంపులోకి వెళితే నాకొక ఉత్తరం వచ్చి ఉంది. ఎంపికలు చూసే ఆవిడ పేరు ఇంగ్రిడ్. ఏ దేశమో నేనెప్పుడూ అడగలేదు, మంచి మనిషి. బొమ్మ అందరికీ నచ్చిందని, ఓట్లు బాగా వచ్చాయని రాసింది. ఒక్క చిన్న సవరణ చేస్తే ఖాయమంది. మొక్క పక్కన ఇసుక మీద మనిషి నీడ ఉంది, కానీ మనిషి లేదు. ఎవరిదో తెలియని నీడ చూసేవాళ్లని ఇబ్బంది పెడుతుంది. దయచేసి దాన్ని తీసేయగలరా, ఆదివారంతో గడువు అయిపోతుంది.

అది మా అత్త నీడ అని రాశాను. చెరిపేశాను. ఆవిడకి మా అత్త ఏమవుతుంది? రూలుకి అత్తలూ మేనల్లుళ్లూ ఏమిటి? పోనీ తీయను, బొమ్మే వెనక్కి తీసుకుంటానని రాశాను. అదీ చెరిపేశాను. నీడ ఒగ్గీ అన్న మనిషే, బేగి సెప్పమను అని కూడా అంది. ఏ మాట నిలబెట్టాలి? రెండు రోజులు ఆ ఉత్తరం చుట్టూ తిరిగాను. వంట చేసుకోవడం కూడా మానేశాను. చివరికి నా బొమ్మ తీసుకోవాలనే కోరికే గెలిచింది. దానికి అత్త కోరిక అని పేరు పెట్టుకున్నాను. అందులో అబద్ధం పూర్తిగా లేదు.

ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. తల దగ్గర మొదలుపెట్టబోయి మనసొప్పక పాదాల దగ్గరికి వచ్చాను. పక్కనున్న ఎండ ఇసుక తెచ్చి నీడ మీద వేయడం. మళ్లీ తేవడం, మళ్లీ వేయడం. స్మశానంలో గుప్పెడు మట్టి వేయించి నన్ను పక్కకి లాగేశారు. ఇక్కడ లాగేవాళ్లు లేరు, మొత్తం నేనే వేయాల్సి వచ్చింది. నడుము మీద పెట్టుకున్న మోచేతి నీడ అన్నిటికంటే ఆఖరున పోయింది. ఏడ్చాను. ఏడుస్తూనే, ఇసుక గరుకు కలిసిందో లేదో పెద్దది చేసి చూసుకున్నాను. పని పాడు కాకూడదు కదా.

అసలు ఫోటో నా దగ్గర ఉంది. అందులో కూడా ఆవిడ మొహం లేదు, వీపే.

బొమ్మ తీసుకున్నారు. గుంపులో చప్పట్ల బొమ్మలు, పువ్వుల బొమ్మలు వెల్లువగా వచ్చాయి. ఒకాయన రాశాడు, "ఎంత ప్రశాంతంగా ఉందో, మనిషి అలికిడే లేని చోటు" అని. మనిషి అలికిడి లేని చోటట! ఆ ఇసుకలో ఆవిడ పాదం పడని జానెడు చోటు చూపించమనండి చూద్దాం. ఒళ్లు మండిపోయింది. అయినా థాంక్యూ అనే రాశాను.

ఇంత సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలి. కంచె అవతల దాలయ్య మావ జీడిచెట్ల కింద ఆకులు ఊడుస్తున్నాడు.

"మావా, నా బొమ్మ తీసుకున్నారు."

"ఏ బొమ్మరా?"

"ఎనకాల బొమ్మ."

"ఎవుల ఎనకాల?"

ఇక చెప్పలేకపోయాను. "ఏటీ నేదులే మావా" అని లోపలికి వచ్చేశాను. ఆ మాట పలికితే చాలు అర్థమయ్యే మనిషి ఒక్కతే ఉండేది.

కొత్త వెర్షన్ వచ్చాక, కాలేజీకి సెలవులిచ్చిన రోజుల్లో ల్యాబ్‌లో మిషన్లన్నిటికీ దాన్ని ఎక్కించాను. ఒక్కొక్కటే తెరుచుకుంటుంటే వరసలు వరసలుగా మా తోట వచ్చి నిలబడింది. వేరే బొమ్మ పెట్టొచ్చు. పెట్టలేదు. అంత తోట మధ్య నేను ఊరికే కూర్చుని ఉండగా స్టాటిస్టిక్స్ చెప్పే సీతారత్నం మేడమ్ ఏదో ప్రింటు కోసం వచ్చింది. వాళ్లది కవిటి, వాళ్లకీ తోటలున్నాయి. పెద్ద గొంతు, దాచుకోవడం తెలియని మనిషి.

"ఏటండీ బైరాగి గారూ, ల్యాబంతా కొబ్బరితోట సేసీసినారు! కేరళా?"

"నెట్‌లోదండి" అన్నాను. నాదని చెప్పుకునే ఓపిక లేదు.

ఆవిడ ఒక తెర దగ్గరికి వంగింది. "కేరళ కాదండీ. ఈ ఇసకా ఈ ఎండా మన ఉద్దానంవే. కావాలంటే పందెం." ఇంకాస్త వంగింది. "సూడండీ, పాదు ఇంకా తడిగుంది. ఇప్పుడే నీల్లోసినట్టున్నారు. బిందిక్కడే ఒగ్గీసినారు. మరి మనిసేదండీ?"

నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దాను.

"ఇక్కడే ఎక్కడో ఉంటాదిలెండి" అని నవ్వింది. "బిందె ఒగ్గీసి ఎక్కడికెల్తాది? ఎనకాలికి ఎల్లుంటాది, వత్తాది."

ప్రింటు తీసుకుని వెళ్లిపోయింది. చెప్పుల చప్పుడు వరండా చివరి దాకా వినిపించింది.

తడి సంగతి నేను మర్చిపోయాను. అన్నీ తుడిచాను కానీ ఆవిడ పోసిన నీళ్లు అలాగే ఉన్నాయి. ఇంగ్రిడ్ చూడలేదు, ఓట్లు వేసినవాళ్లు చూడలేదు, నేనూ చూడలేదు. ఎన్ని దేశాల్లో ఎన్ని బల్లల మీదో ఆ పాదు ఇంకా ఆరకుండా ఉంది.

లేచాను. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకుంటారని తెలుసు. బల్ల చుట్టూ తిరిగి మొదటి మానిటర్ వెనక్కి వెళ్లాను. వంగి చూశాను. పక్కదాని వెనక్కి వెళ్లాను. ఆ పక్కదాని వెనక్కి కూడా.

"ఎనకాలేటీ నేదత్తా" అన్నాను పైకే. "బూజుంది."