బయటికి వదిలిన రాళ్లు

1998 జూలై పద్నాలుగు, మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. పుణ్యవతి దీపానికి వత్తులు చేసుకుంటుండగా, మామగారు సీతారామయ్య ఆటో నిండా రాళ్లేసుకుని నల్లగండ్లలో ఇంటి ముందు దిగారు.

"ఇల్లు కట్టనీకి చాలవు సార్. కోడలమ్మ మీద ఇసరనీకైతే ఎక్కువే," అన్నాడు ఆటో ఐలయ్య.

"ఆవిడ తిరిగి విసిరితే నువ్వు అడ్డం ఉంటావుటయ్యా?" అన్నారాయన.

యూనివర్సిటీలో చరిత్ర శాఖ భవనం కట్టించిన ఇంజనీరు ఆయనే. ఖాజాగూడ గుట్టల రాయి, ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు. తూర్పు గోడ చివర మాత్రం, ముందుముందు గది కలుపుకుంటే కొత్త గోడకు పట్టు దొరకాలని, వరస విడిచి వరస రాళ్లు బయటికి వదిలించారు. తర్వాత గదులు ఎవరూ కట్టలేదు. పరిశోధనకి కొత్త విద్యార్థి చేరిన ఏడు, వానలకి, ఆ రాళ్ల దగ్గర దానంతటదే గది వచ్చేది. దాని చివరా అలాగే రాళ్లు పొడుచుకుని ఉండేవి. ఆఫీసువాళ్లు నంబరు వేసి తాళంచెవి ఇచ్చేవారు.

ఈ ఏడు, హైటెక్ సిటీలో లేస్తున్న గాజు మేడ చూసొచ్చిన కొత్త ఇంజనీరు, గోడ నునుపుగా ఉండాలని ఆ రాళ్లు చెక్కించేశాడు. వానలు పడ్డాయి, గది రాలేదు. సీతారామయ్య మనవరాలు, పుణ్యవతి కూతురు ఆమనికి పరిశోధన సీటు వచ్చింది గానీ, శుక్రవారంలోగా కూర్చునే గది చూపించకపోతే రద్దవుతుంది. ఆమె గైడు ఎలిజబెత్ మేడం భవనమంతా వెతికినా ఖాళీ మూల దొరకలేదు. ఆమని అమీర్‌పేట వెళ్లి కంప్యూటర్ కోర్సు వివరాలు కనుక్కొచ్చింది. ఏడవలేదు. పుణ్యవతికి అదే ఎక్కువ బాధగా ఉంది.

చెక్కేసిన ముక్కల్ని చెత్తలో పోనివ్వడం మనసొప్పక తెచ్చానన్నారు మామగారు. కడగందే ఏదీ ఇంట్లోకి రానివ్వని పుణ్యవతి, వాటినీ కడిగి, పసుపురాసి, పెరటి గోడ వారగా పేర్చింది. వాన మొదలైంది. దీపం పెట్టి వచ్చేసరికి గోడకి తలుపుంది. లోపల నల్లబల్ల, ఎదురెదురు కిటికీలు.

కబురందుకుని ఎలిజబెత్ మేడం తడుస్తూనే వచ్చారు. శాఖ భవనంలోనిదైతేనే గది చెల్లుతుంది. ఆవిడ గోడ తడిమారు, కప్పు చూశారు, బయటికెళ్లి చివర పొడుచుకున్న రాళ్లు చూశారు. ఆమని గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మా భవనమేనండీ. కాస్త దూరం వచ్చిందంతే," అన్నారు మేడం.

మర్నాడు పొద్దున, వచ్చే ఏడు చేరేవాళ్లకి చోటుండాలని అందరూ కలిసి బట్టలుతికే బండను, తులసికోటను పక్కకు జరిపారు. ఆమని తలదువ్వుకుని, క్యారేజీ కట్టించుకుని, "యూనివర్సిటీకి వెళ్లొస్తానమ్మా," అని చెప్పి పెరట్లోకి వెళ్లింది.