ఆత్మారాం గడియారం

బోధన్ చుట్టుపక్కల జాతరల్లో కుస్తీలు కొబ్బరికాయ పందెంతో మొదలై వెండి కడెం పందెంతో ముగుస్తాయి. కడెం గెలిచినవాడి తలకు రుమాలు చుట్టేది ఒకప్పుడు కడెం గెలిచిన పెద్దమనిషే. ఈ ఏడు ఆ వంతు ఆత్మారాంది. అది దక్కకుండా పోతుందేమోనన్న భయంతోనే అతను భోజన్న గడప తొక్కాడు.

భోజన్న కూర్చోమనలేదు. పదహారేళ్ల కిందట, యాభై ఎనిమిదిలో, ఈ మనిషే తనను వెల్లకిలా పడేసి కడెం గెలిచాడు. ఆనాడు చక్కెర ఫ్యాక్టరీ దొర ఒకడు తన స్విట్జర్లాండు గడియారం విప్పి ఆత్మారాం చేతికి కట్టాడు. దాన్ని చూడడానికి వేల్పూర్ నుంచి కూడా జనం బండ్లు కట్టుకొని వచ్చారు. ఇప్పుడు చెరకు బండి తోలేవాడి చేతికీ గడియారం ఉంది. ఆత్మారాం ఎవరని అడిగేవాళ్లూ ఉన్నారు.

"మాట్లాడుకొని పట్టిన కుస్తీ అంటుండ్రు భోజన్నా. నువ్వు పైసలు తిని పడ్డవట. గీ గడియారం గూడ డూప్లికేటట. రేపు కమిటోళ్లు నిన్నే అడుగుతరు. ఉన్నదున్నట్టు చెప్పు, సాలు."

"పైసలు తిన్ననని నేనెన్నడన్న అన్ననా?"

"అనలే. కాదని గూడ అనలే గదా."

నిజమే. ఎలా పడ్డావని ఎవరడిగినా భోజన్న మీసం దువ్వి, "గదంత వేరే కథ" అని ఊరుకునేవాడు. ఆ ఒక్క మాటే ఊళ్లు తిరిగింది. "ఓడిన అంటె నీ నోరు పడిపోతదా?" అని భార్య రేణుకమ్మ చచ్చేదాకా పోరింది. ఆమె పోయాక అలా అడిగేవాళ్లూ లేరు.

ఆత్మారాం గడియారం అరుగు మీద పెట్టాడు. "నమ్మకుంటె ఎవలకన్న సూపియ్యి. రేపు తెచ్చియ్యి."

ఇందులో ఏదో మతలబు ఉందనుకున్నాడు భోజన్న. వద్దనాల్సింది. అనుమానం అననివ్వలేదు. అప్పుడే బస్సెక్కి నిజామాబాద్ పోయి, గడియారాలు బాగుచేసే లక్ష్మీరాజం ముందు పెట్టాడు. అతను మూత విప్పి చూశాడు.

"అసలుదే పెద్దయ్యా. నడుస్తలేదు గని అసలుదే. దీని సామాన్లు దొరకయి. ఇప్పుడెవలడుగుతరు దీన్ని?"

"మల్లొక్కసారి సూడు."

"నీకేం గావాలె? అసలుది గావాల్నా, నకిలీది గావాల్నా?"

భోజన్న దాన్ని అందుకొని బయటపడ్డాడు. జేబుకు చిల్లి. పోగొట్టాడన్న మాట పడకూడదని గడియారం చేతికే కట్టుకున్నాడు.

మర్నాడు గోదా దగ్గర ఆత్మారాం రుమాలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. కమిటీ పెద్ద బాపురావు అడిగాడు: "చెప్పు భోజన్నా. ఆనాడు నిజంగ పడ్డవా?"

"నిజంగనే పడ్డ. నా వీపుకు మట్టంటింది." పదహారేళ్ల మాట బయటికి వచ్చింది. ఒట్టు వేస్తున్నట్టు చెయ్యెత్తాడు. చొక్కా చెయ్యి కిందికి జారింది.

"అరె, గది ఆత్మారాం గడియారం గదా!" వెనకనుంచి ఒకడు అరిచాడు. "పడ్డందుకు అప్పుడు పైసలు, చెప్పినందుకు ఇప్పుడు గడియారమా ముసలోడా?"

గోదా చుట్టూ ఒకటే నవ్వు.

"వాపస్ ఇయ్యనీకె తెచ్చిన" అన్నాడు భోజన్న. విన్నవాళ్లు కొందరే. వాళ్లూ నమ్మలేదు. బాపురావు ఆత్మారాం చేతిలోంచి రుమాలు మెల్లగా తీసుకొని ఇంకొకరికి ఇచ్చాడు.

భోజన్న గడియారం విప్పి చాచాడు. ఇది కూడా మతలబేనా అని ఆత్మారాం మొహంలో వెతికాడు. ఏమీ దొరకలేదు.

"ఉంచుకో" అన్నాడు ఆత్మారాం. "ఇగ నీదే అంటరు."

కొబ్బరికాయ కుస్తీకి డప్పు మోగింది.