ఎడమ చక్రం లోపలి అంచు

మా చెల్లెలు ఐలీ పల్లె రోడ్ల వెంట ఉత్తరాలు పంచుతుంది. సొంత కారులోనే తిరగాలి. మా దేశంలో బండ్లు రోడ్డుకి కుడి పక్కన నడుస్తాయి, స్టీరింగు ఎడమ సీటు ముందుంటుంది. కుడి పక్క సీట్లో కూర్చుని, ఎడమ కాలు అటు చాచి పెడళ్ళు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు పట్టుకుని, కుడి చేత్తో రోడ్డంచునుండే ఇంటింటి పెట్టెలో ఉత్తరాలు పడేస్తుంది. కుడి చక్రాలు రోజంతా రోడ్డు పక్క కంకరలోనే ఉంటాయి. అందుకే మా వైపు పోస్టు కార్లకి కుడి టైర్లు ముందు పోతాయి. టైర్ల కొట్టు నడిపే నాకు అది కొత్త సంగతేం కాదు.

మంచు కాలం ముందర దాని పాత కారు చచ్చింది. మా అన్న రెయినో తన కారు దానికి అమ్మాడు. అమ్ముతూ నాలుగూ కొత్త టైర్లు వేయించాడు. "మా అన్నయ్య కానుక" అని ఐలీ చర్చిలో చెప్పని మనిషి లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. సొంత చెల్లెల్ని, నా కొట్టు ఉండగా పక్క ఊరికి పోయి వేయించాడు! పిసినారి వెధవ, ఎక్కడో చవగ్గా దొరికుంటాయిలే అనుకున్నాను.

మంచు కరిగాక ఐలీ కారు తెచ్చింది.

"కుడివి పోయుంటాయి, మార్చక్కా. బ్రేకేస్తే బండి పక్కకి లాగేస్తోంది."

కారు పైకెత్తి చూశాను. కుడి టైర్లు కంకర తిన్నంత మేరకే అరిగాయి. ఎడమ ముందు టైరు బయటి నుంచి చూస్తే నిన్న కొన్నట్టుంది. లోపలి అంచు తడిమితే మాత్రం రబ్బరు లేదు, తీగలు వేలికి గుచ్చుకున్నాయి.

"ఇది కంకర పని కాదే. ఈ చక్రం లోపలికి వాలి నడుస్తోంది."

"అయితే సరిచేసెయ్."

"బోల్టు తిప్పితే సరయ్యేదా ఇది?"

లైటు పట్టుకుని కిందికి దూరాను. ఆ చక్రం దగ్గర చట్రం మీద నల్లరంగు ఒక్కచోటే మెరుస్తోంది. గీకితే కింద వెల్డింగు అతుకు బయటపడింది. రెయినో ఎప్పుడో దేనికో గట్టిగా గుద్దాడు. వంగిన చట్రాన్ని లాగించి, అతికించి, రంగు పూయించాడు.

"ఎటు లాగుతోంది?"

"ఎడమకి."

మా రోడ్ల మీద ఎడమకంటే ఎదురొచ్చే దుంగల లారీల కిందికే. ఐలీకి మాత్రం లారీల బాధ కాదు.

"అన్నయ్యకి తెలిసుండదక్కా."

"తెలీకే టైర్లు మార్పించాడా? పాతవి ఉంచితే వాటి అరుగుదల చూసి ఒక్క చూపులో పట్టేస్తానని వాడికి తెలుసు. అందుకే పక్క ఊరు!"

"నీకు వాడంటే మొదట్నుంచీ పడదు. వాడి నోటితో చెప్తేనే నమ్ముతా."

శనివారం ఎప్పట్లాగే రెయినో ఇంట్లో ఆవిరి స్నానాలు. ఆవిరి గదిలో బల్ల మీద కూర్చున్నంతసేపూ గొడవ పెట్టుకోకూడదు, మా నాన్న నేర్పిన మర్యాద. ఆ వేడిలో ఐలీ పక్కన నోరు కట్టేసుకుని కూర్చోవడం ఎంత కష్టమో నాకే తెలుసు. మా ఆడవాళ్ళ స్నానాలు అయ్యాక మగవాళ్ళు వెళ్ళొచ్చారు. తరవాత వంటింట్లో కాఫీ, ఏలకుల రొట్టె. ఐలీ చాలా మెల్లిగా అడిగింది.

"అన్నయ్యా, ఆ కారు దేనికైనా గుద్దిందా?"

తెలీదంటాడనే అనుకున్నాను. ఆ మాత్రం సిగ్గుంటుందనుకున్నాను.

"జింక అడ్డొచ్చింది, తప్పించబోయి చెట్టుకి కొట్టాను. అయితే ఏంటి? నడుస్తోందిగా?"

"బయటివాళ్ళకి అంటగట్టలేకపోయావురా?" నేను అరిచాను.

"బయటివాళ్ళు పాత టైర్లేమయ్యాయని అడుగుతారు. కిందికి దూరి చూస్తారు." రొట్టె కాఫీలో ముంచాడు. "ఇదైతే అన్నయ్య ఇచ్చాడని ఎక్కి కూర్చుంటుంది."

అబద్ధమాడినా బాగుండేది. నేను గెలిచాను, ఆ గెలుపు విషంలా ఉంది. ఐలీ ఏడవలేదు. నా వైపు చూడలేదు. వాడినే చూస్తూ తలూపింది.

"అవునన్నయ్యా, ఎక్కి కూర్చున్నాను" అంది.