పదిహేడు వరుసలు

పశువుల మందుల కంపెనీలో మెయిల్ సర్వర్ చూసుకునే అమ్మాయిని ఆఫీసంతా జల్లెడమ్మ అని పిలిచేది. ఆ పేరు పెట్టింది ఆర్డర్లు రాసుకునే ఆవిడ. పేరులో అబద్ధమేమీ లేదు. కంపెనీకి వచ్చే ఉత్తరాల్లో సగం ఆబోతుల వీర్యం గురించి, తక్కిన సగం ఆవులు చూలు కట్టకపోవడం గురించి. సర్వర్లో చెత్త ఉత్తరాలను పట్టే సాఫ్ట్‌వేర్‌కి అలాంటి మాట ఒక్కటి కంటబడితే చాలు, అది బూతు ఉత్తరమే అని తీర్మానించుకునేది. అనుమానం తోచిన ప్రతిదానికీ కొన్ని మార్కులు వేసేది. మార్కులు ఐదు దాటితే ఉత్తరాన్ని పక్కన పెట్టేసేది. పక్కన పడ్డవాటిలో ఏది మంచిదో ఏది చెత్తో మనిషి కూర్చుని ఏరాల్సిందే.

"జల్లెడమ్మా, నా ఎద్దులు మళ్ళీ నీ బందెలదొడ్లో పడ్డాయి, కాస్త తాడు విప్పు," అనేవాడు పశువైద్యుడు, వచ్చీ రాగానే తలుపులోంచి తల పెట్టి.

ఆమె నవ్వి విప్పేది. రోజూ అందరికంటే అరగంట ముందు వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పక్కన పడ్డ ఉత్తరాలను ఒక్కొక్కటే తిరగేసేది. అంత ఓపిక ఎక్కడిదని మేనేజరు మెచ్చుకునేవాడు. ఆమె ఆ కుప్పలో ఒక ఉత్తరం కోసం వెతుకుతోందని ఎవరికీ తెలియదు.

ఆ ఉత్తరం అక్క నుంచి రావాలి.

అమ్మ పోయాక పన్నెండేళ్ళు ఆమెను పెంచింది అక్కే. తల దువ్వింది, లెక్కలు చెప్పింది, తప్పు చేస్తే వీపు మీద నాలుగు అంటించింది. బావకి వంతెనలు కట్టే పని. ఒక వంతెన పూర్తయితే ఊరు మారాలి. అలా మారే హడావిడిలో, రెండున్నరేళ్ళ కిందట, అక్క అమ్మ కుట్టుమిషన్ని పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. లారీలో చోటు లేదట. చెల్లెలికి ఆ మాట నెల తర్వాత తెలిసింది.

"నన్ను ఒక్క మాట అడిగావా?" అంది చెల్లెలు ఫోనులో.

"తుప్పు పట్టి మూల పడుందే. ఏం చేసుకుంటావు దాన్ని?"

"ఏమో చేసుకుంటాను. ఆవిడ నీ ఒక్కదానికే అమ్మా? ఇక నువ్వు ఉత్తరం రాసి తప్పు ఒప్పుకుంటే తప్ప నేను మాట్లాడను."

ఫోను పెట్టేసింది. ఆ వారమే కోపం మీద నంబరు కూడా మార్చేసింది. కోపం చల్లారాక అక్కకి చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. బావ మళ్ళీ ఊరు మారినట్టున్నాడు. కబురు అడగడానికి మధ్యలో చుట్టాలెవరూ లేరు. అక్క దగ్గర మిగిలిన ఆనవాలు ఒక్కటే, చెల్లెలు ఉద్యోగంలో చేరినప్పుడు మురిసిపోయి అడిగి తీసుకున్న విజిటింగ్ కార్డు. దానిమీద ఆఫీసు మెయిల్ ఉంది. అక్క రాస్తే అక్కడికే రాయాలి. రాయలేదంటే, మనసు విరిగిందన్నమాట. రెండేళ్ళుగా ఆమె ఆ మాటనే నమ్ముకుని బతుకుతోంది.

ఒక సోమవారం పశువైద్యుడు ఎద్దుల ఊసెత్తకుండా వచ్చాడు. ఒక పాలసంఘం కార్యదర్శి గాలికుంటు టీకా కోసం మూడుసార్లు రాశాడట, ఒక్కదానికీ జవాబు లేదట. మనుషుల్లేరా మీ ఆఫీసులో అని ఫోనులో దులిపేశాడట. ఆమె పక్కన పడ్డ ఉత్తరాలన్నీ వెతికింది. మూడింటిలో ఒక్కటీ లేదు. సర్వర్‌దాకా రాలేదంటే ఇక మిగిలింది గుమ్మమే.

సర్వర్‌కి ముందు ఫైర్‌వాల్ పెట్టె ఒకటి ఉంది. చెత్త మరీ పోటెత్తుతోందని రెండేళ్ళ కిందట తెప్పించారు. సర్వర్లో సాఫ్ట్‌వేర్ ఉత్తరం విప్పి చదివి అనుమానపడుతుంది. ఈ పెట్టె చదవదు. ఎక్కడినుంచి వచ్చిందో చూసి, తోసేస్తుంది. బిగించిన కొత్తలో ఒకరోజు ఏదో చిన్న మెయిల్ కంపెనీ నుంచి ఎనిమిదివందల చెత్త ఉత్తరాలు వచ్చిపడితే, ఆ కంపెనీ నుంచి ఏది వచ్చినా పారేయమని ఆమే పెట్టెకు చెప్పింది. పంపినవాడికి ఆ సంగతి తెలియనివ్వవద్దని కూడా చెప్పింది. తిప్పి పంపితే ఇక్కడ మనుషులున్నారని వాళ్ళకి తెలుస్తుంది, తీసుకున్నట్టే తీసుకుని పారేస్తే విసిగి మానుకుంటారని ఆమె లెక్క. ఆ తర్వాత వారం వారం ఎన్ని ఆపిందో అంకె చూసి సంతోషపడటమే తప్ప, ఏవి ఆపిందో చూడలేదు. పక్కన పెట్టినవి ఏరుతున్నాను కదా, అంతా నా కంటి కిందే ఉందనుకుంది.

పారేసిన ప్రతి ఉత్తరానికీ పెట్టె ఒక వరుస రాసుకుంటుంది. తేదీ, సమయం, ఎవరి నుంచి, ఎవరికి, ఎంత బరువు, అంటే ఎన్ని బైట్లు. అంతే. పాలసంఘం మెయిల్ కూడా ఆ చిన్న కంపెనీదే. ఆ కంపెనీ పేరు కొట్టి చూస్తే పాలసంఘం మూడు వరుసలూ దొరికాయి. వాటి పైన, కింద, మరో పేరు.

చిట్టక్క. ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన తను పుట్టిన సంవత్సరం. లోకంలో అక్కని చిట్టక్క అని పిలిచే మనిషి తనొక్కతే.

ఆమె ఆ పేరు కొట్టి చూసింది. పదిహేడు వరుసలు.

పాలసంఘం సంగతి దొరికిందని పశువైద్యుడికి చెప్పి పంపించేసింది. ఆర్డర్ల ఆవిడ వచ్చి, మొహం అలా ఉందేమని అడిగితే తలనొప్పి అంది. ఉత్తరాలు పోయాయి. ఏ మందూ ఏ మంత్రమూ వాటిని వెనక్కి తేలేవు. వాటి బరువులు మాత్రం మిగిలాయి. మొదటిది గొడవైన ఏడో నెలలో, చాలా పెద్దది. అక్క అంత రాసిందంటే రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఉంటుంది. రెండోది పది రోజులకే. ఐదోది మరీ బరువు. అందులో మాటలు కాదు, ఫొటో ఉండుండాలి. ఎవరిదో. దేనిదో. ఆ తర్వాత ఒక్కోటీ చిక్కిపోతూ వచ్చాయి. ఉత్తరానికీ ఉత్తరానికీ నడుమ నెలలు పెరుగుతూ వచ్చాయి. పదిహేడోది ఐదు నెలల కిందటిది, దాదాపు ఖాళీ కవరు.

ఆమె ఎవరూ చేయని పని ఒకటి చేసింది. ఆ చిన్న కంపెనీలోనే తనూ ఒక మెయిల్ తెరిచి, తనకు తనే ఉత్తరాలు రాసుకుని తూచింది. ఒట్టి కవరు బరువు తీసేస్తే చివరి ఉత్తరంలో మిగిలేది ఒక్క మాటకి సరిపడా చోటు. 'ఎలా ఉన్నావే' అని రాస్తే బరువు ఎక్కువైంది. 'ఉన్నావా' అని రాస్తే సరిగ్గా సరిపోయింది. కాసేపు కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత 'సరేలేవే' అని రాసి చూసింది. అదీ సరిగ్గా అంతే బరువు.

ఇక తూచడం మానేసింది.

మధ్యాహ్నం మేనేజరు గదికి వెళ్ళి తప్పు తనదేనని చెప్పింది. ఇకనుంచి గుమ్మంలో పెట్టె అనుమానమొచ్చినదాన్ని పారేయకుండా గుర్తు వేసి లోపలికి పంపాలని, విప్పి చూసే పని సర్వర్ చేయాలని, ఆపైన తను ఏరుతానని వివరించింది. ఒక టీకా ఆర్డరుకే ఇంత దిగులా అని మేనేజరు ఓదార్చాడు. ఆమె సరిదిద్దలేదు.

పెట్టెని అలాగే మార్చి, తర్వాత అక్కకి రాయడానికి కూర్చుంది. సంజాయిషీ రాస్తే పెట్టె గురించి, సర్వర్ గురించి రెండు పేజీలైంది. అక్కకి అవన్నీ ఎందుకు? అంతా చెరిపేసింది. కుట్టుమిషన్ గురించి రాసింది. అదీ చెరిపేసింది. చివరికి పంపింది ఇది:

"చిట్టక్కా, నువ్వు రాసినవి పదిహేడు. ఒక్కటీ నాకు చేరలేదు. గుమ్మంలోనే పారేయమని చెప్పింది నేనే, నీవని తెలియక. రోజూ నీ ఉత్తరం కోసమే వెతికాను. అన్నీ మళ్ళీ పంపవూ? తిట్లుంటే తిట్లతో సహా."

సాయంత్రం దాకా జవాబు లేదు. ఇంటికెళ్ళి అన్నం కలుపుతున్నా అదే ఆలోచన. ఐదు నెలల కిందటే చాలించుకున్న మనిషి మెయిల్ తెరిచి చూస్తుందో లేదో. ఈ వంతెన కూడా అయిపోయి మరో ఊరు వెళ్ళిపోయిందో.

మర్నాడు ఇంకా ముందుగా వచ్చింది. వచ్చినవాటిలో లేదు. అలవాటు కొద్దీ పక్కన పడ్డవి తిరగేసింది. ఎద్దుల ఉత్తరాలు నాలుగింటి కింద, ఆరు మార్కులతో ఒకటి. పైన విషయం రాయలేదని కొన్ని మార్కులు, మరీ పొట్టిదని కొన్ని, మంచిపేరు లేని చోటునుంచి వచ్చిందని కొన్ని. విడుదల చేసేదాకా కూడా ఆగలేక అక్కడే విప్పి చదివింది.

"పంపినవన్నీ నా దగ్గరే ఉన్నాయి. మళ్ళీ పంపమంటే పంపను. వచ్చి నా ఎదురుగా కూర్చుని చదువుకో."

కింద ఇంటి నంబరు, వీధి, ఏ బస్సెక్కాలో, ఎక్కడ దిగాలో. ఆ కిందనే ఒక ఫోను నంబరు. క్షమించానని లేదు. కోపముందని లేదు. నిన్నటిలాగా బరువు చూసి తెలుసుకునేదేమీ లేదు. ఆమె అదంతా కాగితం మీద రాసుకుంది. ఫోను మాత్రం చేయలేదు. పదిహేడూ చదవకుండా ఏమని మాట్లాడాలో తెలియదు.

మేనేజరు తన గది తాళం తీస్తుండగానే వెళ్ళి నాలుగు రోజులు సెలవు కావాలంది.

"నాలుగు రోజులా? మరి ఈ జల్లెడ ఎవరు పడతారమ్మా?"

"అంతా లోపలికి వదిలేసి వెళ్తాను సార్. ఒకటికి పది చెత్త ఉత్తరాలు వస్తాయి, అందరూ నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి. తిరిగొచ్చాక నేనే ఏరుకుంటాను."

"అంత అర్జెంటు పనేమిటి?"

"చదవాల్సినవి ఉన్నాయి సార్," అంది.