గన్నేరు పిల్ల

కామారెడ్డిలో కొత్తగా చీరల దుకాణం తెరుస్తున్నారని ప్రవళికను పాటకు పిలిచారు. ఆమెను పేరు పెట్టి పిలవడం జనం ఎప్పుడో మానేశారు. ఇప్పుడు అందరికీ గన్నేరు పిల్లే. అంతా ఒక్క పాట మహిమ! మామ మాట తప్పాడని పచ్చగన్నేరు కాయ పగలగొట్టి పప్పు నమిలే పిల్ల పాట. యూట్యూబులోకి ఎక్కిందో లేదో, గాంధారి తండాల దాకా పెళ్లి బరాతుల్లో అదే మోత. గన్నేరు గాజులొచ్చాయి, గన్నేరు చీరలొచ్చాయి. ప్రాణం తీసే చెట్టు పేరు జనానికి ఇంత ముద్దొస్తుందని ఎవరనుకున్నారు!

నిజానికి వీడియోలో కాయ గన్నేరుదే గానీ, ఆమె నోట్లో వేసుకున్నది పల్లి గింజ. ఆ సంగతి ఆమెకూ, వీడియో తీసిన శైలేందర్‌కూ తప్ప మూడో మనిషికి తెలియదు. "నిజంగ తిన్నవా అక్కా?" అని ఎవరడిగినా నవ్వి, "గన్నేరు పిల్లను గన్నేరు ఏం జేస్తది?" అనేది. ఆ మాటకు చప్పట్లు పడేవి. చప్పట్లు ఎవరికి చేదు?

మైకు అందుకోబోతుంటే ఫోన్లో ఒక వీడియో వచ్చింది. ఎల్లారెడ్డి నుంచి అక్క కూతురు అనిల పంపింది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ పాట పెట్టుకుని, బండ మీద కాయ పగలగొట్టి, పప్పు నోట్లో వేసుకుని నమిలింది. ముఖం వికారంగా పెట్టి, మళ్లీ నవ్వింది. వెనక గోడ పక్కన పచ్చగన్నేరు విరగబూసి ఉంది.

ప్రవళిక మైకు అందుకోకుండానే పక్కకు వచ్చింది. తల్లి గౌరవ్వకు ఫోన్ చేసింది. అక్క పొలం పనికి పోతే పిల్ల ఆమె దగ్గరే ఉంటుంది.

"అవ్వా, అనిల ఏది?"

"పండుకున్నది బిడ్డా. జెరంత కక్కింది. నోరు మండుతున్నదంటే మజ్జిగ తాపిన."

"లేపే! అది గన్నేరు పప్పు తిన్నది! ఆటో పిలిచి దవాఖానకు తోల్కపో, ఉరుకు!"

అవతల ఫోన్ కింద పడిన చప్పుడైంది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు.

దుకాణం వాళ్ల కారులోనే బయలుదేరింది. డ్రైవర్ సిద్దిరాములుకు సంగతి తెలియదు పాపం, మర్యాద కొద్దీ ఆమె పాటే పెట్టాడు. "బంద్ చెయ్యన్నా!" అని అరిచింది. తాడ్వాయి దాటినా ఫోన్ మోగలేదు. దారిలో ఏ గుడి కనబడితే ఆ గుడికి మొక్కింది. పిల్ల బతికితే చాలు, ఇక పాడనే పాడనంది.

ఎల్లారెడ్డి దవాఖానలో అనిల ఛాతీకి వైర్లున్నాయి. గౌరవ్వ మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది. పిల్ల సగం కక్కేసింది కాబట్టి గండం గడిచేటట్టుందని, అయినా గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందని, రేపటిదాకా కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాలని డాక్టరమ్మ చెప్పింది.

"ఎందుకు తిన్నవ్ బిడ్డా?" ప్రవళిక మంచం మీదికి వంగి అడిగింది.

"నువ్వు తిన్నవ్ గద చిన్నమ్మా. నీకేం గాలే." పిల్ల కళ్లు మూతలు పడుతున్నాయి. "నేను గుడ గన్నేరు పిల్లనే."

"నేను తినలే బిడ్డా. అది పల్లి గింజ."

అనిల ఆమెను అపనమ్మకంగా చూసింది. "అబద్ధం," అని పక్కకు తిరిగింది.

ప్రవళిక వరండాలోకి వచ్చి, నిజం చెప్పేద్దామని ఫోన్ తెరిచింది. తన పాట కింద పిల్లల వీడియోలు వరసగా కదులుతున్నాయి. ఎక్కడెక్కడి పిల్లలో. అందరూ కాయ పగలగొడుతున్నారు, నోట్లో వేసుకుంటున్నారు, నవ్వుతున్నారు. ఎవరి నోట్లో పల్లి గింజ ఉందో, ఎవరి నోట్లో పప్పు ఉందో ఎంత చూసినా తెలియడం లేదు. వాళ్లలో ఒక్కరి నంబరూ ఆమె దగ్గర లేదు.