డాబా మీద నల్ల పట్టా

నేను ఒక శ్లాబును. గుంటూరులో పాత హౌసింగ్ బోర్డు క్వార్టర్ల మూడో అంతస్తుకు పైకప్పుని. పైకొచ్చినవాళ్లకు నేలను కూడా. అందుకే నన్ను తొక్కేవాళ్లూ ఉన్నారు, తిట్టేవాళ్లూ ఉన్నారు.

నన్ను పోసిన రోజు మేస్త్రి కొబ్బరికాయ కొట్టాడు, కూలీలందరికీ పులిహోర పెట్టించాడు. కింద కాపురం ఉండబోయేవాళ్లు ఎండకి ఏమైపోతారో మాత్రం ఎవరూ ఆలోచించలేదు. పగలంతా ఎండ తాగి రాత్రంతా వాళ్ల మీద కక్కడం నా ఇష్టమా? సిమెంటు గుణం అది. ఒక గుమాస్తా వచ్చాడు, ఒక కండక్టరు వచ్చాడు. ఎవరూ రెండో వేసవి దాటలేదు.

సువార్తమ్మ ఒక్కతే నిలిచింది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కిందటి వేసవిలో కళ్లు తిరిగి మిషను మీదే పడిపోయింది. "ఈసారి కూడా ఇట్టాగే ఉంటే ఇల్లు ఖాళీ చేసి తెనాలిలో మా అక్క దగ్గరికి పోతా" అంది. ఆ మిషను చప్పుడంటే నాకు ప్రాణం.

చలికాలం పోతూండగా కరెంటు ఆదా కోసమని పాత క్వార్టర్లన్నీ బాగుచేయించారు. కిటికీలకు ఎండ తగలకుండా రేకులు కట్టారు. నాకేమో తెల్లరంగు, అదీ రెండు పూతలు! పెళ్లికూతుర్ని కూడా అంత శ్రద్ధగా ముస్తాబు చెయ్యరు. ఎండ నా మీద పడి వెనక్కి పోయేది. కింద సువార్తమ్మ ఫ్యాను స్పీడు తగ్గించింది.

అంతలో వడియాల రోజులొచ్చాయి. రెండో అంతస్తు కనకవల్లి నా మీద చీర పరిచి వడియాలు పెట్టింది. నేల చల్లగా ఉందేమో, సాయంత్రానికీ అవి మెత్తగానే ఉన్నాయి. మర్నాడు నల్ల ప్లాస్టిక్ పట్టా తెచ్చి పరిచింది. అవి గలగలా ఎండేసరికి మిగతా ఆడవాళ్లూ పట్టాలు తెచ్చారు. వారం తిరక్కుండా అంచులు తప్ప నేను నిలువెల్లా నల్లబడ్డాను.

కింద ఇల్లు మళ్లీ కొలిమి అయింది. "రంగూ లేదు గింగూ లేదు, అంతా మోసం" అని సువార్తమ్మ ట్రంకు పెట్టె సర్దేసింది. ఆరేసిన బట్టలు తీసుకుపోదామని పైకొచ్చింది. వట్టి కాళ్లతో నా తెల్ల అంచు మీద హాయిగా నడిచి, పట్టా మీద అడుగు పెట్టగానే ఎగిరిపడింది. తిరిగి తెల్లదాని మీద నిలబడింది. ఆమెకి విషయం అర్థమైంది. వడియాలు చూసుకుందామని అప్పుడే పైకొచ్చిన కనకవల్లిని పిలిచింది.

"వదినా, చెప్పులు తీసి ఈ పట్టా మీద నిలబడు."

కనకవల్లి నిలబడి, వెంటనే గెంతింది. "అమ్మో! కాలిపోతందే!"

"దీని కిందే కూర్చుని నీ కూతురి జాకెట్టు కుడుతున్నా నేను."

కనకవల్లి మొహం చిన్నబోయింది. "ముందే చెప్పొచ్చుగా, నోరు లేదా?" అని దబాయించింది గానీ, పట్టా తనే చుట్టింది. మిగతావాళ్ల చేతా తీయించింది. ఇంట్లో మూలనున్న నులకమంచం పైకి మోయించి, దాని మీద చీర పరిచి వడియాలు పెట్టింది. పైన ఎండ, కింద గాలి. చక్కగా ఎండాయి.

నిన్న మధ్యాహ్నం కనకవల్లి ఆ వడియాలు వేయించి సువార్తమ్మ ఇంటికి పట్టుకెళ్లింది. ట్రంకు పెట్టె మళ్లీ మంచం కిందికి చేరింది. ఇద్దరూ వడియాలు నములుతూ ఊళ్లో సంగతులన్నీ మాట్లాడుకున్నారు. మధ్యమధ్య మిషను గిరగిరా తిరిగింది. వేడి మాటగానీ నా ఊసుగానీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. పైకప్పుగా పుట్టినందుకు నాకు అది చాలు.